లైన్లోనే ఉండండి

తిరువూరు వర్తక సంఘం హాలులో జరిగిన హార్డ్‌వేర్ వ్యాపారి సాయికుమార్ గారి సంతాప సభలో గ్లోరి టీచర్ చేసిన ప్రసంగం

కొడుకును పోగొట్టుకున్న పెద్దలు కోదండరామయ్య గారికి, భర్తను పోగొట్టుకున్న చెల్లెమ్మ మహాలక్ష్మి గారికి, కొట్లు మూసి వచ్చిన వ్యాపారస్థులకు, గంపలగూడెం నుంచీ రెడ్డిగూడెం నుంచీ ఒకరి భుజం ఒకరు పట్టుకుని బస్సులు దిగి వచ్చిన నా తోటివాళ్లకు, అందరికీ నమస్కారం.

నాకు చూపు లేదు. ఎవరెవరు వచ్చారో చెప్పలేను. హాలు నిండిందని మాత్రం తెలుస్తోంది, ఫ్యాను గాలి నా దాకా రావటం లేదు. ఇంతమందిమి కూర్చున్నాం. ఎవరి కోసం వచ్చామో ఆ మనిషి లేరు. మొన్నమొన్నటి దాకా ఫోన్ చేస్తే పలికిన మనిషి లేరు. మీ అందరికీ ఆయన కొడుకు, భర్త, బంధువు, పక్క కొట్టాయన. నాకు ఆయన ఏమవుతారు? చుట్టం కాదు, మా కులం కాదు, మా చర్చి కాదు, ఆయన మొహం ఎట్లా ఉంటుందో కూడా నాకు తెలియదు. మరి నాకెందుకండీ ఇంత వెలితి? గంపలగూడెంలో బస్సెక్కిన దగ్గర్నుంచీ ఇదే నన్ను నేను అడుగుతూ వచ్చాను.

నేను బడిలో సోషల్ చెబుతాను. పాఠం చెప్పినట్టు మాట్లాడితే మన్నించాలి.

ఇందాక మాట్లాడిన పెద్దలు సాయికుమార్ గారిని గొప్ప వ్యాపారి అన్నారు. పోయినవాళ్ల గురించి అబద్ధాలు చెప్పకూడదని మా అమ్మ జోజమ్మ నేర్పింది. అందుకని చెబుతున్నాను, ఆయన గొప్ప వ్యాపారేం కాదు. పంపు వాషరు కోసం వచ్చినవాడు తనే లోపలికెళ్లి, తనే వెతుక్కుని, తనే చిల్లర తీసుకుని వెళ్లాల్సిన కొట్టు అది. నవ్వండి, ఫర్వాలేదు. మీలో చాలామంది అట్లా తీసుకెళ్లినవాళ్లే. పెద్దాయన కోదండరామయ్య గారు అనేవారట, "మావాడు తూకం తప్పడు, ధర తప్పడు, కొట్టుకొచ్చిన మనిషిని మాత్రం చూడడు" అని. ఎట్లా చూస్తారు? కౌంటరు కింద అరలో, పెయింటు డబ్బాల పక్కన, ఆయన ల్యాప్‌టాప్ ఉండేది. కళ్లు దాని మీద ఉండేవి. బజారులో కొందరు షేర్లన్నారు. కొందరు పేకాటన్నారు. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు.

ఆయన ఏం చేసేవారో ఈ రోజు నేను చెబుతాను. ఇంకెవరు చెబుతారు?

మాబోటివాళ్లం కంప్యూటర్‌ను చెవులతో చదువుతాం. తెర మీద ఉన్నదాన్ని అందుకునే ప్రోగ్రాము ఒకటి ఉంది. తెలుగు అక్షరాన్ని గొంతుగా మార్చే ప్రోగ్రాము ఇంకొకటి ఉంది. రెండూ ఎవరో పుణ్యాత్ములు రాసి, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా బాగుచేసుకోండి అని లోకం మీదికి వదిలేసినవే. చిక్కల్లా ఏమిటంటే, అది ఒక కంప్యూటర్ భాషలో రాశారు, ఇది ఇంకో భాషలో రాశారు. దాని మాట దీనికి తెలియదు. రెంటినీ కలపటానికి మధ్యలో ఒక ముక్క కావాలి. దాన్ని బైండింగ్ అంటారు. ఆ ముక్క రాసింది సాయికుమార్ గారు.

ఎందుకు మొదలుపెట్టారండీ అని అడిగానొకసారి. "ఇటు ముప్పావు అంగుళం పైపుంది, అటు అరంగుళం పైపుంది, మధ్యలో రెంటినీ కలిపే రెడ్యూసర్ లేదు. హార్డ్‌వేర్ కొట్టువాణ్ణి, చూస్తూ ఎట్లా ఊరుకుంటానండీ?" అన్నారు. అంతే. సేవ అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

పోనీ అది ఒకసారి బిగించి వదిలేసే పనా? కాదు. ఇటు కొత్త వెర్షన్ వస్తే ఇటు బిగించే మర మారుతుంది. అటు వస్తే అటు మారుతుంది. మారినప్పుడల్లా ఆ ముక్కను సరిచేసి, ప్రతి మిషను మీదా మళ్లీ కట్టాలి. కట్టటమన్నది ఆయన మాటే. మనిషి రాసినదాన్ని మిషను నడపగలిగేలా తయారు చేయటమని అర్థం. కట్టేటప్పుడు ఎర్రర్లు వస్తాయి. ఒక్కటొస్తే బాగానే ఉండేది, మున్నేటికి వరదొచ్చినట్టు వస్తాయి.

అట్లాంటి వరదలోనే నేను మొదటిసారి ఆయనకు ఫోన్ చేశాను. నా కంప్యూటర్లో తెలుగు గొంతు పోయింది. ఇంగ్లిషు గొంతు ఉంది. దానికి తెలుగు పాఠం చూపిస్తే నోరు మెదపదు. పొద్దున బడికి వెళ్లాలి, పాఠం తెరిస్తే చప్పుడు లేదు. ఇంటర్నెట్లో ఆ బైండింగ్ పేజీ పట్టుకుని, అందులో చెప్పినట్టు కట్టబోతే అన్నీ ఎర్రర్లే. ఆ పేజీ అడుగున ఒక ఫోన్ నంబరు, తిరువూరు అనే పేరు ఉన్నాయి. ఏ దేశంలోనో ఉంటాడనుకున్న మనిషి నాకు బస్సు దూరంలో ఉన్నాడు. చేశాను. అటువైపు నుంచి హలో లేదు, ఎవరండీ లేదు. "ఏమంటోందండీ?" అని వినిపించింది.

ఏదో ఎర్రర్ వచ్చిందండీ అన్నాను. ఏదో అనేది ఎర్రర్ కాదు, అది ఏమందో చదవండి అన్నారు. ఆయనకు కోపం తొందరగా వచ్చేది, ఆ సంగతి ఇంట్లోవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇంగ్లిషు గొంతు చెప్పిన ఆఖరి లైను నేను మళ్లీ చెప్పాను, కట్టడం విఫలమైంది అని. అప్పుడు ఆయన అన్న మాట ఈ సభలో చెప్పొచ్చో లేదో తెలియదు గానీ చెబుతున్నాను. "అది చావు కబురండీ. జబ్బేంటో పైనెక్కడో ఉంటుంది. పైకి వెళ్లండి."

పైకి వెళ్లాను. ఇంకా పైకి అన్నారు. ఇంకా పైకి. వందల లైన్లు దాటుకుంటూ, వాటిలో ఒక్కదాన్నీ పట్టించుకోనివ్వకుండా, మొట్టమొదటి ఎర్రర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఫలానా ఫైలు కనపడలేదు అని ఉందక్కడ. "ఇదీ అసలుది. తక్కినవన్నీ దీని వెనక తూలిపడ్డవి. సరుకు మీ దగ్గరుంది, సరుకు కేటలాగు లేదు. కేటలాగు లేకపోతే కొత్తగా వచ్చినవాడికి ఏ పైపు ఏ సైజో ఎట్లా తెలుస్తుంది?" అన్నారు. ఆ కేటలాగు ఫైళ్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పారు. తెచ్చుకున్నాను. మళ్లీ కట్టటం మొదలుపెట్టాను.

ఇక్కడొక మాట చెప్పాలి. కట్టేటప్పుడు మిషను పలకదు. చూపున్నవాళ్లకు తెర మీద అక్షరాలు పరిగెడుతుంటాయట. అవన్నీ చదివించుకుంటే చెవులు చిల్లులు పడతాయని మేము ఆ చదువుడు ఆపేసుకుంటాం. ఇక అంతా నిశ్శబ్దం. పని చేస్తోందో, ప్రాణం పోయిందో తెలియదు. నాకు భయం వేసింది. ఏదన్నా మీట నొక్కనా అని అడిగాను. "ఏమీ నొక్కకండి. పలకటం లేదంటే పని చేస్తోందని. లైన్లోనే ఉండండి, నేనూ ఉంటాను" అన్నారు.

ఉన్నారు. ఒక్క మాట లేదు. పెయింటు కలిపే మిషను గడగడ వినపడుతోంది. ఎవరో పైపు మలుపుకు ఎల్బో కావాలంటున్నారు. మహాలక్ష్మి గారు వాళ్లకు సర్దిచెప్పి సరుకిస్తున్నారు. ఆయన ఊపిరి వినపడుతోంది. ఇటు నేను కూర్చుని ఉన్నాను. అమ్మా, అయ్యా, నాతో మాట్లాడినవాళ్లు నా జీవితంలో చాలామందే ఉన్నారు. జాలిపడి మాట్లాడినవాళ్లు, పొగడటానికి మాట్లాడినవాళ్లు, రోడ్డు దాటించి మాట్లాడినవాళ్లు. నాతో ఊరికే ఉన్నవాళ్లు ఎంతమంది? ఆ రోజు గొంతు తిరిగొచ్చి తెలుగులో నా పేరు చదివేదాకా ఆయన ఫోన్ పెట్టలేదు. ఆ తర్వాత ఎప్పుడు కట్టినా మా పద్ధతి అదే.

రెండోది డానీ సంగతి. డానీ ఇక్కడే ఉన్నాడు, రెడ్డిగూడెం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, నాలాగే చూపు లేదు. వాడి కంప్యూటర్లో మాత్రం ఎన్నిసార్లు కట్టినా కట్టదు. ఫైలు అక్కడే ఉంటుంది, లేదంటుంది. మొదటి ఎర్రర్ చదివితే అర్థం పర్థం లేని గుర్తులు. చివరికి తేలిందేమిటంటే, కొత్త కంప్యూటర్ కొన్న ముచ్చటలో డానీ దానికి తన పేరు తెలుగు అక్షరాల్లో పెట్టుకున్నాడు. వాడి ఫైళ్లన్నీ ఆ పేరున్న ఫోల్డరులో ఉన్నాయి. కట్టే సరంజామాకు తెలుగు అక్షరాలు మింగుడుపడలేదు. విన్నారా? మిషను చేత తెలుగు పలికించే ముక్క, తెలుగు పేరున్న గదిలో కూర్చోనంది.

ఇందుకు ఎవరైనా ఏం చెబుతారు? పేరు ఇంగ్లిషులోకి మార్చుకో నాయనా అంటారు. నేనూ అదే అన్నాను, నిమిషం పని. సాయికుమార్ గారికి ఎక్కడలేని కోపం వచ్చింది. "వాడి పేరు వాడెందుకు మార్చుకోవాలండీ? వాడి ఇంట్లో వాడున్నాడు" అన్నారు. ఆ ఒక్క డానీ కోసం కొట్టు వదిలేసి, అంటే కౌంటరు దగ్గరే కూర్చుని కొట్టు వదిలేసి, ఎన్నాళ్లు కుస్తీ పట్టారో మహాలక్ష్మి గారికే తెలుసు. ఆ రోజుల్లో ఎవరో తెల్ల సున్నమడిగితే ఎర్ర ఆక్సైడిచ్చి పంపారట. ఆఖరికి సాధించారు. డానీ కంప్యూటర్ ఇవాళ్టికీ తెలుగులోనే డానీ.

ఆ సాయంత్రం ఆయనే నాకు ఫోన్ చేశారు. "కట్టిందండీ" అన్నారు. ఇంట్లో చెప్పారా, కొట్లో చెప్పారా అని అడిగాను. "కట్టింది అంటే ఏం కట్టారు, స్థలం ఎక్కడ కొన్నారు అని అడుగుతారండీ" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక నాకు నవ్వు రాలేదు.

ఆయన ఒంటరి మనిషండీ. మీరు బాధపడకండి, పెద్దాయనా. ప్రేమ లేక కాదు. ఇల్లు నిండా మనుషులు, కొట్టు నిండా మనుషులు, పండగొస్తే చుట్టాలు. కానీ మనసంతా దేని మీద పెట్టారో దాని గురించి మాట్లాడదామంటే ఈ చుట్టుపక్కల ఒక్కరు లేరు. వరి గురించి మాట్లాడొచ్చు, పత్తి ధర గురించి మాట్లాడొచ్చు, మామిడి పూత గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు. మొదటి ఎర్రర్ గురించి ఎవరితో మాట్లాడతారు? అందుకే నన్ను పట్టుకున్నారు. మిగతావాళ్లకు ఏ మీట నొక్కాలో వరసగా చెప్పి కట్టించేవారు గానీ నాకు చెప్పేవారు కాదు, ఎర్రర్ ఎక్కడుందో నన్నే వెతికి కట్టమనేవారు. సోషల్ టీచరుకు ఈ తిప్పలేమిటండీ అని సణిగితే, "ఈ చుట్టుపక్కల రెండో మనిషి ఉండాలి కదండీ" అనేవారు. తనకు తోడు కోసం అంటున్నారనుకున్నాను. అది నిజమే. తన తర్వాత ఎవరన్నది కూడా అందులో ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

ఒక్కసారి మాత్రం ఆయనే వచ్చి కట్టారు. బడి మెట్ల మీద జారిపడి నా మణికట్టు విరిగింది. బండేసుకుని గంపలగూడెం వచ్చి, మా స్టాఫ్ రూములో కూర్చుని, నా కంప్యూటర్ మీద తన చేతులతో కట్టి వెళ్లారు. కీబోర్డు మీద ఆయన వేళ్ల చప్పుడు విన్నది ఆ ఒక్కసారే. చాలా మెల్లగా కొడతారు. టీ ఇస్తే చల్లారిపోయింది.

ఇక ఈ మధ్య జరిగింది చెప్పి ముగిస్తాను.

మా కంప్యూటర్లకు పెద్ద అప్‌డేట్ ఒకటి వచ్చింది. ఒక్కసారిగా అందరికీ తెలుగు గొంతు పోయింది. నాకు, డానీకి, హాస్టల్లో చదువుకునే మా పిల్లలకు, ఎక్కడెక్కడి వాళ్లకో. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి, పిల్లలు పాఠాలు వినలేక కూర్చున్నారు. సాయికుమార్ గారు ఆ పనిలో పడ్డారు. అయిపోవచ్చింది అన్నారు. పూర్తిచేసి అందరికీ అందేలా పేజీలో పెట్టారు. మర్నాడు మధ్యాహ్నం కొట్లోనే గుండె ఆగింది. ఆసుపత్రి దాకా తీసుకెళ్లే వ్యవధి కూడా ఇవ్వలేదు.

ఆయన పెట్టింది అందరూ తెచ్చుకున్నారు. కట్టారు. ఎవరికీ కట్టలేదు. మళ్లీ అదే వరద. ఆ ముక్క వాడే మావాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకరు రాశారు, పాపం, పని సగంలో ఉండగానే పోయారు అని. ఇంకొకరు, తొందరలో ఏదో తప్పు చేసి ఉంటారు అని. అందరూ అవునవునన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. డానీ పేరు మార్చనివ్వని మనిషి సగం పని చేసి పేజీలో పెడతాడా? కానీ ఏం చెప్పి వాదించను? నా కంప్యూటర్లో కూడా కట్టలేదు. ఆయన ఆఖరి పని తప్పని లోకం అనుకుంటోంది, కాదని చెప్పటానికి నా దగ్గర ఆధారం లేదు. పిల్లలకు గొంతు లేదు. ఫోన్ చేద్దామంటే ఎవరికి చెయ్యను?

బడి వదిలాక, స్టాఫ్ రూములో అందరూ వెళ్లిపోయాక, కూర్చున్నాను. పైకి వెళ్లండి అన్న మాట ఉంది కదా. వెళ్లాను. ఇంకా పైకి. మొట్టమొదటి ఎర్రర్ దగ్గర ఆగి, అది చెప్పిన ఫైలు పేరు మళ్లీ మళ్లీ చదివించుకున్నాను. ఆ ఫైలు ఆయన కొత్తగా పంపిన వాటిలో లేదు. మరి ఎక్కడిది? అది పాతది. క్రితంసారి కట్టినప్పుడు నా కంప్యూటర్లోనే తయారైనది. కొత్తదాన్ని మేమందరం తెచ్చి పాతదాని మీదే పోసుకున్నాం. మిషను ఆ పాత ముక్కను పట్టుకుని, కొత్త మర మీదికి ఎక్కించబోయి, పడుతోంది.

ఆయన ఎప్పుడూ చెప్పే మాటే. రంగుల కొట్టు మనిషి కదా. "పాత రంగు గీకకుండా కొత్త రంగేస్తే పెచ్చులూడుతుందండీ. ముందు గీకండి." తప్పు ఆయనది కాదు. గీకటం మేము మర్చిపోయాం. చెప్పేవారు పోయిన కంగారులో అందరమూ మర్చిపోయాం.

గీకటమంటే ఆ పాత ఫోల్డరు తుడిచేయటం. ఒక్క మీట. నొక్కలేకపోయాను. ఎందుకంటే ఆ పాతది ఎవరు కట్టింది? చెయ్యి విరిగినప్పుడు ఆయన వచ్చి కట్టింది. ఆయన వేళ్లతో చేసినది నా దగ్గర మిగిలింది అదొక్కటే. నాకు ఫోటో పనికిరాదు కదండీ. మీకు ఫోటో ఉంది, ఈ హాల్లో దండ వేసి పెట్టారని పూల వాసనను బట్టి తెలుస్తోంది. నాకు ఆ ఫోల్డరు ఉంది. అది ఉంటే ఆయన ఆఖరి పని తప్పుగా మిగిలిపోతుంది. అది పోతే నా దగ్గర ఏమీ మిగలదు. ఏడ్చాను. సిగ్గేమీ లేదు, ఏడ్చాను. ఏడ్చి, తుడిచేశాను.

మళ్లీ కట్టటం మొదలుపెట్టాను. మిషను మాట్లాడటం మానేసింది. ఖాళీ స్టాఫ్ రూము. ఫోను చేతిలో ఉంది, లైన్లో ఎవరూ లేరు. అంతసేపూ నేనొక్కదాన్నే ఉన్నాను. ఒంటరితనమంటే ఏమిటో నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసనుకున్నాను. అది నాకు తెలిసింది ఆ సాయంత్రం.

తర్వాత గొంతు వచ్చింది. తెలుగు గొంతు. తెరిచి ఉన్న ఏడో తరగతి పాఠం, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి, నదుల పేర్లు చదవటం మొదలుపెట్టింది. గోదావరి, ప్రాణహిత, శబరి. ఒక్క తప్పు లేదు. ఆయన పంపినదాంట్లో ఒక్క అక్షరం నేను మార్చలేదు. అది పూర్తయిన పని. విన్నారా, పెద్దాయనా? మీ అబ్బాయి సగంలో వదిలిపెట్టలేదు. పూర్తిచేసే వెళ్లారు.

ఆ సంతోషంలో చెయ్యి అలవాటు కొద్దీ ఆయన నంబరు నొక్కింది. రింగవుతుండగా గుర్తొచ్చింది. పెట్టేద్దామనుకునేలోపు అటు ఎవరో ఎత్తారు. పెయింటు మిషను గడగడ వినపడింది. ఎవరో ఎల్బో అడుగుతున్నారు. హలో లేదు. ఎవరండీ లేదు. మహాలక్ష్మి గారి గొంతు, "ఏమంటోందండీ?" అంది.

ఆమెకు కంప్యూటర్ రాదు. ఇన్నేళ్లూ పక్కన నిలబడి సరుకిస్తూ విన్నారు, అంతే. ఆ నంబరుకు ఫోన్ వస్తే అడగాల్సింది అదేనని ఆమెకు తెలుసు.

కట్టిందమ్మా, మాట్లాడుతోంది అని చెప్పి, ఫోన్ కంప్యూటర్ దగ్గర పెట్టాను. నదుల పేర్లు విన్నారు. పాఠం అయిపోయినా ఇద్దరమూ లైన్లోనే ఉన్నాం.

ఏం గీకాలో ఆ రోజే గ్రూపులో రాశాను. హాస్టల్లో పిల్లలు చదువుకుంటున్నారు. ఆ పేజీ అడుగున ఆయన నంబరు కింద ఇప్పుడు నా నంబరు కూడా ఉంది. మహాలక్ష్మి గారు ఆయన నంబరు తీయొద్దన్నారు. తీయలేదు. నాకు వచ్చింది కొంచెమే, రేపు ఇంకో అప్‌డేట్ వస్తుంది. ఈ చుట్టుపక్కల రెండో మనిషి ఉండాలని ఆయన నన్ను తయారుచేశారు. ఇప్పుడు నేనే మొదటి మనిషినయ్యాను, రెండో మనిషి లేరు. ఈ హాల్లో ఎవరైనా ఉంటే, సభ అయ్యాక వచ్చి నా భుజం తట్టండి. నాకు మీరు కనపడరు.

ఇక లేవండి. చూపున్నవాళ్లు పక్కనున్న మావాళ్ల చెయ్యి పట్టుకుని లేపండి. ఫోన్లు ఆపమని సంఘంవారు అన్నారు, ఆపండి. పలకటం లేదంటే పని చేస్తోందని ఆయన అనేవారు. ఈసారి అది నిజం కాదని నాకు తెలుసు, నా మనసుకు ఇంకా తెలియదు. మా కోసం ఆయన ఎన్నోసార్లు ఏమీ మాట్లాడకుండా ఉన్నారు. ఆయన కోసం మనం కాసేపు ఉందాం. ఎవరూ ఏమీ నొక్కకండి. లైన్లోనే ఉండండి.